ఏలూరి కావలి సోదరులు – మన బడి ఫోటోల పట్టిక

ఏలూరు అనగానే కాలువలు, తివాచీలు, పక్కనే కొల్లేరు గుర్తుకొస్తాయి. దక్షిణ భారత చరిత్రకు ఆధారమైన ఒక మహాసేకరణ వెనుక ఏలూరు వారి శ్రమ ఉందన్న సంగతి మాత్రం మనకు బడిలో పాఠంగా రాలేదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు ఆ సంగతే రాయాలనిపించింది. నేను చరిత్రకారుణ్ణి కాను, ఇంజనీరుని. డేటాబేసులతో పనిచేసేవాడి చూపుతో ఈ కథ చెబుతాను. గురువులు, మిత్రులు చిత్తగించాలి.

కావలి వెంకట బొర్రయ్య గారు 1776లో ఏలూరులో పుట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో కాలిన్ మెకంజీ దగ్గర చేరారు. మెకంజీ స్కాట్లాండు నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు, సర్వేయరు. తరవాత 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అతనికి మన భాషలు రావు. ఊరూరా తిరిగి, కరణాలతో, పూజారులతో మాట్లాడి, శాసనాలు చదివి, తాటాకులకు నకళ్ళు తీసే పనికి మనవాళ్ళే కావలసి వచ్చారు. ఆ పనికి దారి వేసింది బొర్రయ్య గారు. ఆయన 1803లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య గారు ఆ బాధ్యత ఎత్తుకున్నారు. మరో సోదరుడు రామస్వామి గారు 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులోనే పుస్తకం అచ్చు వేయించారు. తన పరిశోధనకు తలుపు తెరిచినవాడు బొర్రయ్యేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

సేకరణ ఎంత పెద్దదో అంకెలే చెబుతాయి. సాహిత్య గ్రంథాల ప్రతులు 1,568. స్థానిక చరిత్రలు, అంటే మనం కైఫీయతులు అనే కోవకు చెందినవి, 2,070. శాసనాల నకళ్ళు 8,076. బొమ్మలు 2,630. నాణేలు 6,218. వీటికి పట్టిక తయారు చేయాలని మెకంజీ అనుకున్నాడు కాని, ఆ పని జరగకుండానే 1821లో చనిపోయాడు. ఆయన భార్య దగ్గర కంపెనీ లక్ష రూపాయలకు మొత్తం కొన్నది. చివరికి 1828లో కలకత్తాలో హెచ్.హెచ్. విల్సన్ పట్టిక అచ్చు వేశాడు. విల్సన్ సంస్కృత పండితుడే కాని దక్షిణాది భాషలు తెలిసినవాడు కాదు. మనవాళ్ళు రాసిచ్చిన సారాంశాల మీదే ఆధారపడ్డాడు. ఏది ఎక్కడ దొరికిందో తెలిసిన లక్ష్మయ్య గారు, మిగిలిన పని తాను సాగిస్తానని 1830లలో అర్జీ పెట్టుకుంటే, అంత పనికి ఆయన చాలడని పెద్దలు పక్కన పెట్టారు.

అంతకు ముందే ఇంకో నష్టం జరిగింది. బొమ్మలు, నాణేలు లండన్ చేరాయి. తెలుగు, తమిళం, కన్నడం కాగితాలు మద్రాసుకు వచ్చాయి. మెకంజీ మనుషులు 1816–17 ప్రాంతంలో అమరావతి శిల్పాలకు గీసిన బొమ్మలు చూడండి. ఆ శిల్పాల్లో కొన్ని ఇప్పుడు లేవు, బొమ్మే మిగిలింది. కాని బొమ్మ ఒక ఖండంలో, ఆ సీమ గ్రామాల కథలు ఇంకో ఖండంలో ఉండిపోయాయి. వస్తువులు చాలావరకు నిలిచాయి, వాటి మధ్య లంకె తెగింది. మా భాషలో చెప్పాలంటే పట్టికలు ఉన్నాయి, వాటిని కలిపే కీ పోయింది.

1816లో థామస్ హికీ మెకంజీ బొమ్మ వేశాడు. పక్కన ముగ్గురు భారతీయులు కనిపిస్తారు. వారిని జైన పండితుడు ధర్మయ్య, మన లక్ష్మయ్య గారు, దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్టనాజీగా పండితులు గుర్తిస్తున్నారు. ఆ పేర్లు లేకపోతే వాళ్ళు ఒక దొర వెనక నిలబడ్డ ముగ్గురు మనుషులు, అంతే.

ఇది చదివాకే నా దగ్గరున్న ఫోటోలకు పట్టిక కట్టడం మొదలుపెట్టాను. గుంటుపల్లి గుహలు, పెదవేగి, కొల్లేటి లంక గ్రామాలు, తాడేపల్లిగూడెంలో యుద్ధకాలపు రన్‌వే, వీటితో పాటు మన బడి గ్రూప్ ఫోటోలు. పద్ధతి కొత్తదేమీ కాదు. 1970లో ఎడ్గర్ కాడ్ చెప్పిన సూత్రమే: ఒక్కో విషయానికి ఒక్కో పట్టిక, వాటిని కలిపేది నంబరు. ఫోటోలకు ఒక పట్టిక, మనుషులకు ఒకటి, ఊళ్ళకు ఒకటి. ఒక ఫోటోలో నలభై మంది ఉంటారు, ఒకే మాస్టారు పది ఫోటోల్లో ఉంటారు. అందుకని ‘ఏ ఫోటోలో, ఏ వరసలో, ఎవరు’ అని కలిపే పట్టిక వేరే ఉండాలి. బొమ్మను డేటాబేసులో దూర్చకుండా ఫోల్డరులోనే ఉంచి, ఫైలుకు ఆ నంబరే పేరుగా పెట్టాను. రేపు సాఫ్ట్‌వేర్ మారినా నంబరు మారదు. అట్ట వెనక పెన్సిలుతో రాసిందీ అదే నంబరు.

ఊరి పేర్లకు మారుపేర్ల పట్టిక తప్పనిసరి. పాత ఇంగ్లీషు కాగితాల్లో ఏలూరు ‘ఎల్లూర్’, కొల్లేరు ‘కొలైర్’. మనలో సగం మందికి తాడేపల్లిగూడెం ఒట్టి గూడెమే.

అన్నిటికన్నా ముఖ్యమైన గడి ‘ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు’ అన్నది. కొల్లేట్లో తాటిదోనె మీద పోతున్న మనిషి ఫోటో ఉందనుకోండి. తేదీ లేకపోతే అది అందమైన బొమ్మ మాత్రమే. చేపల చెరువులు రాకముందుదో, 1999లో అభయారణ్యంగా ప్రకటించాక తీసిందో, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టాక తీసిందో తెలిస్తే అది సరస్సు చరిత్రకు సాక్ష్యం. పక్కా తెలియనప్పుడు ‘సుమారు’ అని రాయడానికీ ఒక గడి ఉంది. ఊహను నిజంగా రాయడం కన్నా ఖాళీ ఉంచడం మేలు.

మన బడి ఫోటోల్లో కుర్చీల్లో కూర్చున్నవారి పేర్లు దాదాపు అన్నీ దొరికాయి. వెనక వరసలో చివర నిలబడ్డ అటెండరు, గంట కొట్టిన మనిషి, నీళ్ళు పోసిన ఆయమ్మ, వీరి పేర్ల గడులే ఖాళీగా ఉన్నాయి. వీరిని పేరుపెట్టి పిలిచిన గురువులు మన మధ్య ఉన్నారు. అయితే వారి వయసు కూడా మనం గుర్తుంచుకోవాలి.

అందుకే నాదొక మనవి. సభకు వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న బడి ఫోటో వెంట తెచ్చుకోండి. అక్కడే స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తాం. ఒక్కొక్క మాస్టారి పక్కన ఒక పూర్వ విద్యార్థి కూర్చుని, ఆయన చెప్పిన పేర్లు చెప్పినట్టు రాసుకుంటే చాలు. పట్టిక ప్రతులు మూడు చోట్ల ఉంచుదాం: బడిలో ఒకటి, సంఘం దగ్గర ఒకటి, ఊరికి దూరంగా ఒకటి. కావలి సోదరులు ఎడ్లబండ్ల మీద, కాలినడకన తిరిగి చేసిన పని అది. మనం ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయ్యే పని ఇది.