విదేశీ ఓనరు వస్తే వాగు బాగుపడుతుందా?

ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందంటే మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "విదేశీ కంపెనీ అయితే పద్ధతిగా ఉంటుందిలే." చరిత్ర చూస్తే సంగతి అంత సులువు కాదు.

షేక్‌పేట పక్కన జూబ్లీహిల్స్ అనగానే సినిమావాళ్ళ ఇళ్ళే గుర్తొస్తాయి. కానీ మందుల కంపెనీల ఆఫీసులు కూడా అక్కడున్నాయి. ఆ మందుల పరిశ్రమ అసలు ముఖం చూడాలంటే మాత్రం పటాన్‌చెరు దాటి నక్కవాగు దాకా పోవాలి. అది మంజీరలో కలిసే వాగు. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది.

అక్కడ తేడా తెచ్చింది కంపెనీ సైజు. పెద్ద కంపెనీకి సొంత శుద్ధి ప్లాంటు పెట్టుకునే స్తోమత ఉంటుంది. చిన్న యూనిట్లు మురుగును ఉమ్మడి ప్లాంటుకు పంపేవి. సుమారు 90 మంది తయారీదార్ల మురుగు చేరే ఆ ప్లాంటు నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితం ప్రకటించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్! రోజుకు సుమారు 45 కిలోలు, అంటే స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేంత మందు మన వాగు పాలు.

ఇక విదేశీ డబ్బు సంగతి. కొన్నిసార్లు అది మేలే చేసింది. 2016లో నార్డియా అనే యూరప్ పెట్టుబడి సంస్థ హైదరాబాద్, విశాఖ మందుల ఫ్యాక్టరీల చుట్టూ నీటి పరిస్థితి మీద రిపోర్టు రాయించింది. వాటాదారుడు అడిగితే కంపెనీ జవాబు చెప్పక తప్పదు కదా.

మరి విశాఖ? 1961లో పుట్టిన హిందుస్థాన్ పాలిమర్స్‌ను 1997లో కొరియా ఎల్‌జీ కొనేసింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. తగిన పర్యావరణ అనుమతి లేదని 2019లో కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది.

ఇంకో మెలిక చూడండి. మన మ్యాట్రిక్స్ ల్యాబ్స్‌లో పెద్ద వాటాను 2007లో అమెరికా మైలాన్ కొంది. తర్వాత ఆ షేరు మన మార్కెట్ నుంచి తప్పుకుంది. 2022-23 నుంచి మార్కెట్లో ఉన్న మొదటి 1000 కంపెనీలు పర్యావరణ లెక్కలు చెప్పాలని సెబీ రూలు పెట్టింది. లిస్టింగ్ లేని కంపెనీకి ఆ రూలు నేరుగా తగలదు.

కాబట్టి ఓనరు దేశం చూసి ధైర్యపడకండి. మూడే అడగండి: మురుగు ఎక్కడికి పోతుంది? అనుమతి కాగితం ఏది? లెక్క ఎవరికి చెప్పాలి? ప్రజాభిప్రాయ సేకరణ రోజు ఈ ప్రశ్నలు రికార్డులో పడేలా చూడండి. భూమి ఇచ్చాక అడిగితే వినేవాడుండడు.