సరిహద్దు దాటిన రైళ్ళు, పేరు దాటని మనుషులు



పోయిన నెల మన సంఘం కూటంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. "ఏమప్పా, నువ్వు రైల్వేలో పనిచేసినవాడివి గదా. మా తాత మలయాలో కొబ్బరి తోట కూలిగా ఉండె. ఆయన తమ్ముణ్ణి జపానువాళ్ళు రైలుదారి వేసేదానికని సయాంకు తోలుకుపోయిరి. తిరిగి రాలేదు. నా మనవడు ఇప్పుడు సింగపూరులో ఉన్నాడు. వాడి దగ్గరికి పోతే, అక్కణ్ణించి ఆ తోటకీ, సయాంకీ రైల్లోనే పోవచ్చునా?"

ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో దిగడం మనకు కొత్త కాదు. 1914 నుండి ఎగ్మూరులో టికెట్టు కొని, ధనుష్కోడిలో రైలు దిగి ఓడ ఎక్కి, తలైమన్నారులో మళ్ళీ రైలెక్కి కొలంబో చేరేవారు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి పోయింది, ఆ ప్రయాణమూ పోయింది. ఎగ్మూరు నుండి ధనుష్కోడికి మన వైపు దారి మీటరు గేజి. మలయా, సయాం దారులూ మీటరు గేజియే. పట్టాల మధ్య వెడల్పు ఒకటే అయితే ఒక దేశం పెట్టె ఇంకో దేశం పట్టాల మీద నడుస్తుంది. అక్కడ రైళ్ళు సరిహద్దు దాటడానికి మొదటి ఆధారం ఇదే.

1918లో సయాం దక్షిణ మార్గం పాదాంగ్ బెసార్ దగ్గర మలయా మార్గంతో కలిసింది. 1923లో జొహోరు జలసంధి మీద కట్ట వేసి పట్టాలు పరిచారు. అంతకుముందు అక్కడ పెట్టెలను పడవల మీద దాటించేవారు. కట్ట వచ్చాక సింగపూరు నుండి బ్యాంకాక్ వైపు పట్టాలు తెగకుండా పోయాయి.

పట్టాలు కలపడం ఇంజనీరు పని. మనిషిని దాటించడం గుమాస్తా పని. పాదాంగ్ బెసార్ మలేషియా గడ్డ మీద ఉంది, కానీ రెండు దేశాల తనిఖీలూ ఆ ఒక్క స్టేషనులోనే. దిగి, ఒక దేశం ముద్ర వేయించుకుని, నాలుగడుగులు నడిచి రెండో దేశం ముద్ర వేయించుకోవాలి. మలేషియా గడియారం థాయిలాండు కంటే ఒక గంట ముందుంటుంది. టైం టేబులు చూసేవారు ఏ దేశం గంటో చూసుకోకపోతే బండి తప్పిపోతుంది.

సింగపూరు వైపు కథ ఇంకా చిక్కు. 1932లో తంజోంగ్ పగార్ స్టేషను తెరిచారు. 1965లో సింగపూరు వేరే దేశమైంది, కానీ స్టేషనూ పట్టాల కింది భూమీ మలేషియా రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. 1998లో సింగపూరు తన తనిఖీని సరిహద్దు పక్కనున్న ఉడ్‌లాండ్స్‌కు మార్చింది. మలేషియా మాత్రం తంజోంగ్ పగార్ వదల్లేదు. అందువల్ల ప్రయాణికుడు ముందు మలేషియాలో ప్రవేశించినట్టు తనిఖీ చేయించుకుని, తర్వాత ఉడ్‌లాండ్స్‌లో సింగపూరు వదిలినట్టు ముద్ర వేయించుకునేవాడు. ఇల్లు దాటకముందే పక్కింట్లో అడుగుపెట్టినట్టు! ఈ తగవు 2010లో తీరింది. 2011 జూన్ 30న ఆఖరి బండిని జొహోరు సుల్తానే నడిపారు. మరునాటి నుండి ఉడ్‌లాండ్సే చివరి స్టేషను. 2015 నుండి ఉడ్‌లాండ్స్, జొహోర్ బారు మధ్య ఒక చిన్న బండి నడుస్తోంది. ప్రయాణం ఐదే నిమిషాలు. తనిఖీకి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

మిగతా సరిహద్దుల సంగతీ చెప్తాను. 2009లో థాయిలాండు నుండి మెకాంగ్ నది వంతెన మీదుగా లావోస్‌లోకి రైలు వచ్చింది. లోపలికి మూడున్నర కిలోమీటర్లే. 2024లో బ్యాంకాక్ బండి వియంటియాన్ వరకు వచ్చింది. కంబోడియా వైపు 2019లో ఇద్దరు ప్రధానులు కలిసి రైలెక్కి సరిహద్దు దాటారు. కానీ ఆ తర్వాత మామూలు జనానికి రోజువారీ బండి రాలేదు. పట్టాలున్నంత మాత్రాన చాలదు, రెండు ప్రభుత్వాల మనసూ కలవాలి.

ఇక పెద్దాయన చిన్నతాత పోయిన దారి. 1942-43లో జపాను సైన్యం సయాంలోని బాన్ పోంగ్ నుండి బర్మాలోని తన్‌బ్యూజాయత్ వరకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. మలయా తోటల నుండి కూలీలను ఆశ చూపించి కొందరిని, బలవంతంగా కొందరిని తీసుకుపోయారు. తమిళులు ఎక్కువ, వారితో మన తెలుగువారూ ఉన్నారు. మలయా పట్టాల మీదే, ఉత్తరం వైపు సరిహద్దు దాటించి తీసుకుపోయారు. కలరా, ఆకలి, దెబ్బలు. యుద్ధఖైదీలు 12 వేల మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల చావులు 90 వేల వరకు ఉంటాయని అంచనా.

ఖైదీల సైన్యాల దగ్గర పేర్ల జాబితాలు ఉన్నాయి. అందుకే కాంచనబురి శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులు వరుసగా ఉన్నాయి, చాలావాటి మీద పేరుంది. కూలీలకు అలాంటి జాబితా లేదు. అందుకే 90 వేలు అనేది లెక్క కాదు, అంచనా. నా ఉద్యోగంలో ఒక్క టికెట్టు నంబరు తప్పినా సాయంత్రం ఇంటికి పోనిచ్చేవారు కాదు. ఇక్కడ వేలమంది మనుషులకు లెక్క లేదు.

యుద్ధం ముగిశాక బర్మా సరిహద్దు దగ్గర పట్టాలు పీకేశారు. ఇప్పుడు థాయిలాండు వైపు బండి నామ్ తోక్ వరకే పోతుంది.

పెద్దాయనకు నా జవాబు ఇది: పోవచ్చు. ఉడ్‌లాండ్స్‌లో ఎక్కి, జొహోర్ బారులో బండి మారి, పెరాక్‌లో తాపా రోడ్ స్టేషనులో దిగండి. దిగువ పెరాక్‌లో మనవాళ్ళ కొబ్బరి తోటలు ఎక్కువగా ఉన్న బాగాన్ దాతోక్ వైపుకు అక్కణ్ణించి రోడ్డు మీద పోవాలి. తర్వాత పాదాంగ్ బెసార్‌లో సరిహద్దు దాటి బ్యాంకాక్. అక్కణ్ణించి నామ్ తోక్ బండిలో కాంచనబురి. అక్కడ మీ చిన్నతాత పేరు కోసం వెతకకండి, దొరకదు. ఆ పేరు ఇప్పుడు మీ నోట్లోనే ఉంది.

అందుకే ఒక మనవి. మలయాకు, బర్మాకు, సిలోనుకు పోయిన మీ ఇంటి పెద్దల పేరు, ఊరు, ఏ రేవులో ఓడెక్కారు, ఏ తోట, ఏ సంవత్సరం, తెలిసినంత వరకు ఈ పోస్టు కింద రాయండి. ఏమీ తెలియకపోతే పేరొక్కటైనా చాలు. మన సంఘం నోటు పుస్తకంలో నేను నంబరు వేసి రాస్తాను. మొదటి నంబరు ఆ పెద్దాయన చిన్నతాతది. నిన్ననే రాశాను.