అరచేతిలో మిషిగన్

మిషిగన్ వాళ్లను మీదే ఊరని అడగండి. కుడి అరచేయి తమవైపు తిప్పుకుని, రెండో చేతి వేలితో ఓచోట పొడిచి "ఇదిగో, ఇక్కడ" అంటారు. రాష్ట్రం అచ్చం చేతి ఆకారంలో ఉంటుంది మరి. పైన సరస్సు అవతల ఇంకో ముక్క ఉంది గానీ, అది చేతిలో ఇమడదు.

ఈ చేతిని మన ఎరుకలసాని చూస్తే ఏం చెప్పేదో! ధనరేఖ బొటనవేలి కింద, డెట్రాయిట్ దగ్గర మొదలవుతుంది. 1914లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజుకూలిని రెండున్నర డాలర్ల లోపు నుంచి ఒక్కసారిగా ఐదు చేశాడు. ధర్మబుద్ధి అనుకునేరు! అసెంబ్లీ లైన్ మీద పొద్దస్తమానం అదే బోల్టు బిగించలేక జనం చేరినవాళ్లు చేరినట్టే మానేస్తున్నారు. ఆ ఐదు డాలర్లూ ఊరికే రాలేదు. తాగుతున్నారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నారా అని కంపెనీ మనుషులు ఇళ్లకొచ్చి చూసి వెళ్లేవారు. బొటనవేలు అరచేతిని కలిసేచోట ఫ్లింట్. 1936 చివర్లో అక్కడి జనరల్ మోటార్స్ (జీఎం) కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించారు. నలభై నాలుగు రోజులు కదల్లేదు. అన్నం కిటికీల్లోంచి అందింది, యూనియన్‌కు గుర్తింపొచ్చింది.

ఆయుష్షు రేఖ మాత్రం చూడబుద్ధి కాదు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనమున్న డెట్రాయిట్ 2020కి ఆరు లక్షల చిల్లర. 2009లో జీఎం, క్రిస్లర్ దివాలా తీశాయి, రాష్ట్రంలో నిరుద్యోగం 14 శాతం దాటింది. 2013లో డెట్రాయిట్ ఊరే దివాలా తీసింది.

ఇప్పుడు వెతుకుతున్నది సంతానరేఖ. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో జనం తగ్గిన రాష్ట్రం ఇదొక్కటే. పెద్దవాళ్లు పెరిగారు, పుట్టేవాళ్లు తగ్గారు, చదువుకున్న కుర్రాళ్లు బయటికెళ్తున్నారు. 2023లో గవర్నర్ విట్మర్ జనాభా పెంచే దారి చెప్పమని ఏకంగా ఒక కౌన్సిలే వేసింది. పైగా కరెంటు కారుకు పిస్టన్లూ సైలెన్సర్లూ అక్కర్లేదు. అవి చేసి బతికే చిన్న చిన్న షాపుల గతేమిటో! డెట్రాయిట్ శివార్లలోని నోవై, కాంటన్‌లలో కార్ల సాఫ్ట్‌వేర్ రాసే మన తెలుగువాళ్లకు ఆ బెంగ లేదు. వాళ్లకు వీసా బెంగ.

ఇక్కడ మా పక్కింటాయన కార్ల ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. పెన్షనుంది, పెద్ద ఇల్లుంది. కొడుకు టెక్సస్‌లో, కూతురు చికాగోలో. తెనాలిలో మా అమ్మ వీధరుగు మీద కూర్చుని నా గురించి చెప్పేదీ ఇదే వరసలో. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసిందని ఫోన్లో చెబితే, "కన్నవాళ్లను ఉంచుకునే చట్టం ఏమైనా చేశారా?" అంది.