గుల్లలకు కండపట్టే కాలం

జపాన్‌లో టోక్యో అఖాతం చుట్టూ చరిత్రపూర్వ జోమోన్ కాలపు జనం తిని పారేసిన గుల్లల చిప్పలు దిబ్బలుగా పడి ఉన్నాయి. వాటిలో ఒమోరి దిబ్బను 1877లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్ తవ్వించాడు. ఆ గుల్లలను ఏ ఋతువులో ఏరేవారో తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. హమగురి గుల్ల చిప్పను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే రోజుకొకటి చొప్పున సన్నని గీతలు కనిపిస్తాయి. చలికాలంలో ఎదుగుదల మందగించి అవి దగ్గరదగ్గరగా పడతాయి. 1970లలో పరిశోధకురాలు కొయికె హిరోకో ఆ చలికాలపు గీతల నుంచి చిప్ప అంచు దాకా లెక్కపెట్టి, గుల్ల ఎప్పుడు చచ్చిందో చెప్పగలిగింది. వసంతంలో ఏరినవే ఎక్కువని తేలింది.

ఆ ఎంపిక ఊరికే కుదిరింది కాదు. హమగురి వేసవిలో గుడ్లు పెడుతుంది. అంతకుముందు, నీళ్లు వేడెక్కి ప్లవకాలు పెరిగేటప్పుడు, బాగా మేసి ఒంట్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుంటుంది. కండ నిండుగా, కాస్త తియ్యగా ఉండేది అప్పుడే. నిల్వ గుడ్ల తయారీకి ఖర్చవుతుంది. గుడ్లు పెట్టేశాక కండ చిక్కిపోయి నీటి పాలు పెరుగుతుంది. మాంసకృత్తులు గ్లైకోజెన్ అంతగా ఎగుడుదిగుడు కావు.

తర్వాత, టోక్యోను ఎదో అని పిలిచిన కాలంలో, ఈ వసంతపు ఏరుడుకు పండుగ తోడైంది. పాత చాంద్రమాన పంచాంగంలో మూడో నెల మూడో రోజు ఆడపిల్లల పండుగ. తెలుగు పంచాంగంలో దాదాపు చైత్ర శుద్ధ తదియ. అమావాస్య వెళ్లిన వెంటనే కనుక ఆటు బాగా లోతుగా దిగుతుంది, వసంతంలో అదీ పగటిపూటే. అఖాతం ఒడ్డునున్న షినగావా ముందు సముద్రంలోకి పడవల్లో వెళ్లిన కుటుంబాలు, నీరు తీసి పడవ నేలకు తగిలాక దిగి బురదలో గుల్లలు ఏరుకునేవి. పండుగ భోజనంలో హమగురి చారు తప్పనిసరి. దాని రెండు చిప్పలు ఒకదానికొకటే అతుకుతాయి, మరో గుల్ల చిప్పతో కలవవు. అందుకే అది దాంపత్యానికి గుర్తయింది.

1873లో జపాన్ సౌరమానానికి మారడంతో ఈ పొందిక చెదిరింది. పండుగ మార్చి 3న స్థిరపడింది. అప్పటికి సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది, ఆటు ఆ రోజే లోతుగా ఉంటుందన్న నమ్మకమూ లేదు. చారు పండుగతో ఉండిపోయింది. ఏరుకునే సరదా మాత్రం ఏప్రిల్, మే నెలలకు జరిగింది.

హమగురికి వసంతమైతే, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే షింజి లాంటి సరస్సుల్లో దొరికే చిన్న నల్లగుల్ల షిజిమికి పేరు రెండు కాలాల్లో. ఒకటి గుడ్లు పెట్టే ముందు, జూలై చివరి ఎండల్లో. రెండోది బురదలో లోతుగా పూడుకుని ఉండే చలికాలంలో. ఎదో జనం దాని చారు కామెర్లకు మంచిదని తాగేవారు.

అసరి గుల్ల లెక్క వేరు. టోక్యో అఖాతంలో అది వసంతంలోనూ శరత్తులోనూ గుడ్లు పెడుతుంది కనుక ఏడాదికి రెండుసార్లు కండపడుతుంది, రెండుసార్లు చిక్కుతుంది. ఉత్తరాన చలినీళ్ల హొక్కైదోలో అదే గుల్ల వేసవిలో ఒక్కసారే గుడ్లు పెడుతుంది.