ఛాత్రోపాధ్యాయుల హాజరు, సెలవులు, సమానావకాశాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

ఛాత్రోపాధ్యాయులు అంటే బడిలో పిల్లలకు పాఠం చెబుతూనే కళాశాలలో తామూ విద్యార్థులుగా ఉండేవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ చదువుకు ప్రధానంగా రెండు తోవలున్నాయి. డిగ్రీ అయ్యాక ఎడ్‌సెట్ రాసి చేరే బీఎడ్ ఒకటి, ఇంటర్ అయ్యాక డీఈఈసెట్ రాసి చేరే డీఎల్ఎడ్ రెండోది. డీఎల్ఎడ్‌ను ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ టీటీసీ అనే పిలుస్తారు. ఈ మూడు పట్టణాలూ ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాక కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. ఇక్కడి బీఎడ్ కళాశాలలు 2008లో కరీంనగర్ కేంద్రంగా ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి.

హాజరు లెక్క

ఛాత్రోపాధ్యాయుల హాజరుకు మూలం జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014లో తెచ్చిన నిబంధనలు. అంతకుముందు ఏడాదిలో ముగిసే బీఎడ్ ఈ నిబంధనలతోనే 2015-16 నుంచి రెండేళ్ల కోర్సు అయింది. ప్రవేశాలకు, పరీక్షలకు పోయే రోజులను మినహాయించి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు కళాశాల నడవాలి. తరగతులకు, ప్రయోగాత్మక పనులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. డీఎల్ఎడ్‌కూ ఇవే శాతాలు.

శాతాలుగా చూస్తే ఇది ఉదారంగానే కనబడుతుంది. 200 రోజుల్లో 160 రోజులు వస్తే చాలు, 40 రోజుల వెసులుబాటు ఉన్నట్టే. ఇంటర్న్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి లెక్క బిగుసుకుంటుంది. బీఎడ్‌లో బడి అనుభవం మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. రెండో ఏడాది 16 వారాలను వారానికి ఆరు రోజుల చొప్పున లెక్కిస్తే 96 రోజులు. అందులో 90 శాతం అంటే 87 రోజులు. మిగిలేది 9 రోజులు. దసరా సెలవులు, రెండో శనివారాలు తీసేస్తే పనిదినాలు తగ్గుతాయి, ఆ మేరకు ఈ 9 కూడా తగ్గుతుంది. నాలుగు నెలల కాలంలో ఒక డెంగీ జ్వరం, ఇంట్లో ఒక చావు చాలు, ఈ రోజులు కరిగిపోవడానికి.

ఇంత కట్టుదిట్టం ఎందుకన్నదానికి గట్టి కారణమే ఉంది. పాఠ్యపథకం రాయడం ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఆరో తరగతిలో వెనక బెంచీ పిల్లవాడు పాఠం ఎక్కడ జారవిడుచుకున్నాడో కనిపెట్టడం మాత్రం ఆ గదిలో రోజూ నిలబడితేనే వస్తుంది. పర్యవేక్షించే అధ్యాపకుడు వెనక కూర్చుని రాసే పరిశీలన రికార్డు, తోటివారి పాఠాలు చూసి రాసుకునే నోట్సు, యూనిట్ పరీక్ష పెట్టి చేసే ఫలితాల విశ్లేషణ, ఇవన్నీ ఒకే బడిలో వరుసగా ఉంటేనే ఒకదానికొకటి అతుకుతాయి. హాజరును సడలిస్తే నష్టపోయేది ముందు ఆ బడి పిల్లలే.

ఈ కారణంగానే ‘నాన్ అటెండింగ్’ అలవాటును తేలిగ్గా తీసుకోకూడదు. ఫీజు కట్టి, పరీక్షలకు మాత్రమే వచ్చి, రికార్డులు ఎవరిచేతో రాయించుకునే ఈ పద్ధతి ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ అభ్యర్థుల నోట మామూలు మాటగా వినబడుతుంది. దేశవ్యాప్తంగా ఉపాధ్యాయ విద్య నాణ్యత పడిపోవడంపై సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. 2014 నిబంధనలు ఆ నివేదిక తర్వాత వచ్చినవే. కళాశాలకు రాకుండానే పట్టీలో సంతకం పడే ఒక అభ్యర్థి, రోజూ వచ్చి రెండు రోజులు తక్కువైనందుకు ఆగిపోయే మరో అభ్యర్థి ఒకే బ్యాచ్‌లో ఉండగలరు. సమానావకాశానికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు.

ఈ ప్రాంతపు ప్రత్యేకత

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల బీడీల ప్రాంతం. తునికాకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. కళాశాల నుంచి సాయంత్రం ఇంటికి చేరిన కూతురో కోడలో చాట ముందు కూర్చోవడం ఈ ఇళ్లలో కొత్త కాదు. సిరిసిల్లలో దీనికి మరమగ్గాల పని తోడవుతుంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన ఏళ్లలో అక్కడ రాత్రింబవళ్లు మగ్గాలు ఆడాయి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పంట ఎక్కువ. జనవరి నుంచి మార్చి దాకా తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం సాగుతుంటే చదువుకునే పిల్లల చేయి కూడా పడాల్సిందే.

వీటన్నిటి వెనక గల్ఫ్ ఉంది. దుబాయ్, మస్కట్, సౌదీ పోయిన మగవాళ్ల ఇళ్లలో రేషన్ దుకాణం, ఆస్పత్రి, బ్యాంకు, పిల్లల బడి పనులన్నీ ఆడవాళ్ల మీదే పడతాయి. ఎడ్‌సెట్‌కు 19 ఏళ్లు నిండాలన్న నియమమే తప్ప గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా బీఎడ్‌లో చేరతారు. అత్తమామలను ఆస్పత్రికి తీసుకుపోవాల్సిన రోజు, భర్త విమానం దిగే రోజు హాజరు పట్టీలో గైర్హాజరుగానే పడతాయి.

ప్రయాణ ఖర్చు ఒక్కటి తగ్గింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. ఇంటర్న్‌షిప్ బడి వేరే మండలంలో పడ్డ అమ్మాయికి ఇది నెలకు వందల రూపాయల ఆదా. బస్సు వేళలు బడి గంటకు కలవని ఊళ్లకు మాత్రం ఆటోయే గతి. జగిత్యాల, కోరుట్లకు పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గమైనా ఉంది, ఆ మార్గం సిరిసిల్ల మీదుగా పోదు.

సెలవులు

ఉద్యోగికి సెలవు హక్కు, ఛాత్రోపాధ్యాయుడికి కాదు. తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఏటా 15 సాధారణ సెలవులు, 7 ప్రత్యేక సాధారణ సెలవులు ఉంటాయి. మహిళలకు మరో 5 అదనం. ప్రసూతికి 180 రోజులు జీతంతో సెలవు. అదే బడిలో, అదే స్టాఫ్‌రూమ్‌లో కూర్చునే ఛాత్రోపాధ్యాయినికి ఈ లెక్క వర్తించదు. ఆమె రాని రోజు సెలవు కాదు, గైర్హాజరు. జ్వరానికి డాక్టరు సర్టిఫికెట్ పెడితే ఆ రోజు హాజరుగా మారదు. సంవత్సరాంతంలో తక్కువైన శాతాన్ని మన్నించమని అడగడానికి అది ఆధారం మాత్రమే. ఆ మన్నింపునే కళాశాలల్లో ‘కండోనేషన్’ అంటారు. సాధారణంగా దానికి రుసుము ఉంటుంది, ఒక హద్దూ ఉంటుంది. ఆ హద్దు దాటితే డిటెయిన్ చేస్తారు, తర్వాతి బ్యాచ్‌తో కూర్చోవాలి.

అన్నిటికంటే చిక్కు ప్రసూతి దగ్గరే. 2017 సవరణతో 26 వారాల సెలవు ఇచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగినులది, విద్యార్థినులకు వర్తించదు. ఎన్‌సీటీఈ చెప్పే 80, 90 శాతాల పక్కన ప్రసూతి ప్రస్తావన లేదు. తరగతుల కాలంలో కాన్పు అయితే 40 రోజుల వెసులుబాటులో ఎలాగో నెట్టుకు రావచ్చు. ఇంటర్న్‌షిప్ నెలల్లో అయితే ఆ 9 రోజుల్లో బాలింత బడికి తిరిగి రావాలి, ఇది జరిగే పని కాదు.

దీన్ని సరిచేసే దారి కొంత పడింది. 2021 డిసెంబరు 14న యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకు లేఖ రాస్తూ, డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి విషయంలో హాజరు సడలింపులు, పరీక్ష దరఖాస్తు గడువు పొడిగింపులు ఇచ్చేలా నియమాలు రూపొందించుకోవాలని కోరింది. 2023 జనవరిలో కేరళ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల్లో 18 ఏళ్లు దాటిన విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు, నెలసరి కారణంగా 75కు బదులు 73 శాతం హాజరు చాలన్న సడలింపు ప్రకటించింది.

ఉపాధ్యాయ విద్యకు నేరుగా సంబంధించిన తీర్పు ఢిల్లీ హైకోర్టుది. మీరట్‌లోని చౌధరి చరణ్ సింగ్ విశ్వవిద్యాలయంలో ఎంఎడ్ చేస్తున్న ఒక విద్యార్థిని ప్రసూతి సెలవు అడిగితే, ఎంఎడ్ నియమాల్లో అలాంటిది లేదంటూ విశ్వవిద్యాలయం కాదంది. 2023 మేలో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 59 రోజుల సెలవు విషయాన్ని మళ్లీ పరిశీలించాలని, ఆ సర్దుబాటుతో థియరీ తరగతుల్లో 80 శాతం పూర్తయితే పరీక్ష రాయనివ్వాలని ఆదేశించింది. చదువుకునే హక్కు, తల్లయ్యే హక్కు రెండింట్లో ఒకటే ఎంచుకొమ్మని స్త్రీని నిలబెట్టకూడదన్నది ఆ తీర్పు సారం. తెలంగాణ న్యాయస్థానాలు దానికి కట్టుబడి ఉండనక్కరలేదు కానీ, ఇక్కడి ఛాత్రోపాధ్యాయిని తన దరఖాస్తులో ఉదహరించడానికి ఇంతకంటే దగ్గరి తీర్పు దొరకదు. గమనించాల్సిందేమిటంటే ఆ ఊరట థియరీ తరగతుల వరకే. ఇంటర్న్‌షిప్‌కు చేయదగ్గ న్యాయం వేరు: ఆగిపోయిన వారాలను తర్వాతి బ్యాచ్‌తో పూర్తి చేయనిచ్చి, మిగతా చదువును కొట్టివేయకుండా ఉంచడం.

స్కాలర్‌షిప్ హాజరు

రెండు వేర్వేరు శాతాలను ఒకటిగా పొరబడటం తరచూ జరుగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి కావలసింది 75 శాతం. పరీక్షకు కావలసింది 80. డెబ్బై ఆరు శాతంతో ఫీజు డబ్బు వచ్చి హాల్‌టికెట్ రాకపోవచ్చు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ తరగతిని బట్టి ఏటా 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఇచ్చే సాయం ఉంది. తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉందో లేదో కళాశాలలో చేరేనాడే చూసుకోవడం మేలు.

సమానావకాశాలు

ప్రవేశాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, బీసీలకు 29, ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్టీల వాటా 6 నుంచి 10కి పెరిగింది 2022లోనే. ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు మహిళలవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఇచ్చింది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు 2018 మార్గదర్శకాల్లో ఉన్నాయి.

సీటు దగ్గర ఉన్న ఈ శ్రద్ధ బడి దగ్గర కనబడదు. చూపు లేని ఛాత్రోపాధ్యాయుడి పాఠానికి నల్లబల్ల పని మీద మార్కులు వేస్తే అతను ఎంత బాగా చెప్పినా కోత తప్పదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి పై అంతస్తు తరగతి కేటాయిస్తే వారు పాఠం చెప్పలేరు, హాజరూ పడదు. బడి కేటాయించే రోజునే ర్యాంపు, మరుగుదొడ్డి, బస్సు దిగే చోటు చూస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం కళాశాలలో అంతర్గత కమిటీ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కు పంపిన బడిలో జరిగినా ఫిర్యాదు చేయడానికి వెనకాడనక్కరలేదు, ఎందుకంటే చదువులో భాగంగా వెళ్లిన చోటు కూడా చట్టం దృష్టిలో ఆ పరిధిలోదే. కులం, మతం పేరిట వివక్షపై 2012 యూజీసీ నిబంధనలు సమానావకాశాల విభాగాన్ని, వివక్ష నిరోధక అధికారిని ఏర్పాటు చేయమన్నాయి.

హాజరు చాలక ఒక ఏడాది వెనకబడితే పోయేది ఏడాది మాత్రమే కాదు. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) తర్వాత ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులకు పూర్తయిన ఉపాధ్యాయ నియామకం 2024 డీఎస్సీ. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో కొత్తది వెలువడింది. ఆ దరఖాస్తు గడువుకు చేతిలో బీఎడ్ పట్టా ఉన్నవాళ్లు పరీక్ష రాశారు. ఒక కాన్పు వల్లనో, పది రోజుల జ్వరం వల్లనో డిటెయిన్ అయి పట్టా అందనివాళ్లు మరో ప్రకటన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.