లీపు సంవత్సరంలో దూకేది ఏది?

ఇంగ్లీషులో 'లీప్' అంటే గెంతడం, దూకడం. చిన్న కాలువ దాటినా ఆ మాటే, హనుమంతుడు సముద్రం దాటినా ఆ మాటే. మరి ఒక రోజు ఎక్కువ వచ్చే ఏడాదికి 'దూకే సంవత్సరం' అని పేరెందుకు పెట్టారు? రోజు కలిపితే అది దూకడం ఎలా అవుతుంది?

365 రోజుల్లో 52 వారాలు పోగా ఒక్క రోజు మిగులుతుంది. అందుకని సోమవారం వచ్చిన తేదీ మరుసటి ఏడు మంగళవారం వస్తుంది. 1947 ఆగస్టు 15 శుక్రవారం. 1948లో అది శనివారం రావాలి. కానీ ఆ ఏడు ఫిబ్రవరికి 29 రోజులు. అందువల్ల శనివారాన్ని దాటేసి ఆదివారం మీద పడింది. అంటే దూకింది తేదీ అన్నమాట.

నాలుగేళ్లకొక రోజు కలిపే పద్ధతి జూలియస్ సీజర్ పెట్టాడు. అది కొంచెం ఎక్కువైపోతోందని 1582లో పోప్ గ్రెగరీ 10 రోజులు తీసేయించాడు. బ్రిటిషువాళ్లు 1752లో 11 రోజులు తీసేశారు. కామాఠీపురానికి ఆ పేరు తెచ్చిన మన తెలుగు కూలీలు 18వ శతాబ్దం చివర కట్టడం పనులకు వచ్చేసరికి బొంబాయిలో దొరలది ఈ కొత్త లెక్కే.

మన పంచాంగం ఇంకోలా దూకుతుంది. 12 చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. ఏడాదికి 11 రోజుల లోటు పెరిగి నెల అయితే అధికమాసం వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అందుకే ఆ ఏడు మార్చి 22న వచ్చిన ఉగాది 2024లో ఏప్రిల్ 9కి గెంతింది. ముస్లింల లెక్కలో నెల కలపరు. కాబట్టి ఈద్ ప్రతి ఏడూ వెనక్కి జరుగుతుంది. 2025 మార్చి 30న ఉగాది, మర్నాడే ఈద్. నాగ్‌పాడాలో రెండు పండగలూ పక్కపక్కనే వచ్చాయి.

పండగలే కాదు, జీతం లెక్క కూడా ఉంది. 2024 ఫిబ్రవరి 29 గురువారం. మా నాన్నది రోజుకూలి, ఆయనకు ఒక రోజు డబ్బులు ఎక్కువ వచ్చాయి. మా చాల్లో పక్కింటి మామయ్యది నెలజీతం. ఆయన అదే జీతానికి ఒక రోజు ఎక్కువ పని చేశాడు. పుస్తకంలో ఫిబ్రవరి 29 అందరికీ ఒకటే, ఇళ్లల్లో మాత్రం కాదు. మళ్లీ ఆ రోజు 2028లో మంగళవారం వస్తుంది. అప్పుడు మీ ఇంట్లో కూడా అడిగి చూడండి.