చేతికర్ర ఏ చేత పట్టవలెను?

తుంటి నొప్పిగా ఉన్నవారు చేతికర్రను సాధారణముగా నొప్పి ఉన్న ప్రక్కనే పట్టుదురు. ఇది సరికాదు. కారణము తులాదండ సూత్రములో ఉన్నది.

నడకలో ప్రతి అడుగునందును కొంతసేపు ఒంటికాలిపై నిలుతుము. అప్పుడు ఆ తుంటికీలు ఆధారబిందువగును. శరీరభారము కీలుకు లోపలివైపున, దూరముగా క్రిందికి లాగును. కటి ఒరిగిపోకుండ వెలుపలి కండరములు దగ్గరనుండి లాగవలెను గనుక వాటికి భారమును మించిన బలము కావలెను. ఈ రెండును కలిసి కీలును నొక్కును. జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ పావెల్స్ 1935లో ఈ లెక్కను వివరించెను. ఎదుటి చేతిలోని కర్ర కీలుకు చాల దూరమున కటికి ఊతమిచ్చును గనుక కొద్ది ఒత్తిడితోనే కండరముల శ్రమ తగ్గును. చేతికర్రను పారవేయవద్దని అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో వ్యాసము వ్రాసెను.

1962 నవంబరులో ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ ఉక్కు గుండు, పాలిథీన్ గిన్నె గల కృత్రిమకీలును అమర్చ నారంభించెను. అరిగిన కీలు నొప్పి దానితో పోయెను. కాని కీలును చేరుటకు ఆయన ఆ కండరములంటియున్న ఎముక కొననే కోసి, మరల తీగలతో కట్టెడివాడు. అది అతుకువరకు వాటికి విశ్రాంతి అవసరము. నేడు కోతవిధానములు మారినను, గాయపడిన కండరములు మానుటకు కాలము పట్టును.

కనుక కుడి తుంటికి శస్త్రచికిత్స జరిగినవారు ఎడమ చేత కర్ర పట్టి, కర్రను, కుడికాలిని ఒకేసారి ముందుకు వేయవలెను. నొప్పి హెచ్చినచో అడుగు చిన్నది చేయవలెను. వైద్యుడు చెప్పువరకు కర్రను వదలరాదు. దానిని పట్టుటకు సిగ్గుపడ నక్కరలేదు.